బావగారు కడిగిన డబ్బా

నా షుగరు కిడ్నీల దాకా పాకిందేమో చూడాలని, మొన్న ల్యాబులో అమ్మాయి ఒక రోజు మూత్రమంతా పట్టి తెమ్మని పెద్ద డబ్బా చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళ తరవాత కూడా దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది. పాపం, ఆ అమ్మాయి మీద కాదు, మా బావగారి మీద.

దుబాయ్‌లో ఇంటర్నేషనల్ సిటీ కొత్తగా కట్టిన రోజులవి, మేం అక్కడే ఉండేవాళ్ళం. మా ఆయన అన్నగారు జెబెల్ అలీలో గోదాము చూసేవారు. గొంతులో గడ్డ తేలి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవలసి వచ్చాక, కంపెనీ గది వదిలి మా ఫ్లాటుకొచ్చారు. వైద్యం సగంలో ఉండగా కడుపునొప్పి, మూత్రం ముదురు రంగు. పార్ఫిరిన్లనే పదార్థం ఎక్కువగా పోతోందేమో, అది కరెంటు వల్లో, లోపల ఇంకో జబ్బు వల్లో తేలేదాకా కరెంటు ఆపుతానంది డాక్టరమ్మ. ఎక్కువ రోజులు ఆపితే గడ్డ మళ్ళీ పెరుగుతుందనీ ఆవిడే చెప్పింది. ఒక రోజు మూత్రమంతా పట్టిన డబ్బాని వెలుతురు తగలకుండా ఫ్రిజ్‌లో పెట్టి తేవాలి, అంతే. మా ఆయనకి డ్యూటీలు. బావగారి ఎదుట కుర్చీలో కూడా కూర్చోనిదాన్ని, నేను ఆయనకి ఈ సంగతులన్నీ వివరించాలి!

ఆయన డబ్బా అడుగున తెల్ల పొడి చూసి, సబ్బుతో తోమి కడిగి ఆరబెట్టారు. "ఎవడో వాడిన డబ్బా అంటగట్టారమ్మా, దులపనైనా దులపలేదు" అని పైగా నాకే ఫిర్యాదు. ఆ పొడి పార్ఫిరిన్లు పాడవకుండా వేసిన మందు! "ఖలాస్, మళ్ళీ పట్టండి" అన్నారు ల్యాబువాళ్ళు. రెండోసారి పొడి జోలికి పోలేదు గాని, పెరుగు గిన్నె పక్కన ఈ పాడు డబ్బా ఏమిటని ఫ్రిజ్‌లోంచి తీసి బాల్కనీలో పెట్టారు. దుబాయ్ ఎండలో! అదీ ఖలాస్.

"బావగారూ, మీకు శుభ్రం కావాలా, ప్రాణం కావాలా?" అని అరిచేశాను.

ఆయన తల వంచుకున్నారు. "నువ్వు వండుకు తినే చోట ఇదేంటమ్మా... సిగ్గేసింది."

నాకు కోపం తగ్గలేదు సరికదా, ఏడుపు కూడా తోడైంది. "సిగ్గు తరవాత పడుదురు గాని" అని ఫ్రిజ్ అంతా ఖాళీ చేసి, కూరలూ పెరుగూ పక్క ఫ్లాటువాళ్ళకి అప్పజెప్పి, మూడో డబ్బాకి రేకు చుట్టి లోపల పెట్టాను. ఆయన బాత్రూముకి వెళ్ళొచ్చినప్పుడల్లా ఫ్రిజ్ తలుపు చప్పుడయిందా లేదా అని వంటింటి బయట కాపలా కాశాను.

పార్ఫిరిన్లు కాస్త ఎక్కువే పోతున్నాయట, కానీ అది కరెంటు వల్లేనట, వేరే జబ్బేమీ లేదట. కరెంటు మళ్ళీ మొదలైంది, గడ్డ కరిగింది. బావగారు ఇండియా వెళ్ళిపోయి, మనవలకి చేతులు కడుక్కోమని పాఠాలు చెప్పి, నిరుడు గుండెపోటుతో పోయారు. ఆయన పాడుచేసిన రెండు రోజులకి నేను ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచాను. ఆ తరవాత ఆయనకి దక్కిన ఏళ్ళు మాత్రం మాకెవరికీ చప్పుడైనా వినబడకుండా గడిచిపోయాయి.