లోపల – నాయిక మనస్సు – సాయంకాలం

బెల్లంపల్లిలో తెలుగు పండితుడిగా ఉన్న కాలంలో నాకు సినిమాకథ వ్రాయాలన్న కోరిక పుట్టింది. మదరాసులో చిత్రాలు తీసేవారి దగ్గర పనిచేసే నా సహాధ్యాయికి ఒక కథ పంపాను. నెలలోగా దానిని స్క్రీన్ ప్లేగా మార్చి పంపితే నిర్మాత చేత చదివిస్తాననీ, ఆలస్యమైతే తన చేతిలో ఉండదనీ జవాబు వచ్చింది. పద్ధతి కూడా వివరించాడు. ప్రతి సీనుకు తలమీద ‘లోపల’ లేక ‘బయట’ అనీ, స్థలమూ, వేళా వేయాలి. దాని కింద కంటికి కనిపించేదీ, చెవికి వినిపించేదీ మాత్రమే. పాత్ర పేరు కాగితం నడుమ, ఆ కింద మాట; ఎట్లా పలకాలో చెప్పవలసి వస్తే కుండలీకరణాలలో ఒక్క ముక్క.

ఇంత చిన్న లక్షణగ్రంథాన్ని నేను అంతకుముందు చూడలేదు. ఛందస్సును జీర్ణించుకున్నవానికి ఇదెంత అనుకొని, పూర్వకవుల ఆచారం ప్రకారం ఇష్టదేవతను స్తుతించి, కుకవులను నిందించి, పదహారవ పుటలో మొదటి సీనుకు చేరుకున్నాను.

ఊళ్లోని డేరా టాకీసు ఆపరేటరు ఒకప్పుడు మదరాసు స్టూడియోలలో దీపాలు మోసినవాడు. పంపే ముందు అతనికి చదివి వినిపించాను. మధ్యాహ్నం వేళ, రీళ్లు తుడుస్తూ విన్నాడు. కుకవినింద దగ్గర, తననే తిడుతున్నానేమోనని అనుమానంగా చూశాడు. నాయిక అలుక ఘట్టానికి నేను పెట్టిన శీర్షిక ‘లోపల – నాయిక మనస్సు – సాయంకాలం’. అక్కడ అతని చెయ్యి ఆగింది.

“జర చెప్పుండ్రి పంతులూ, గీ మనసుల లైటు ఏడ పెట్టాలె?”

అక్కడ ముప్పై రెండు పంక్తుల స్వగతం ఉన్నదనీ, కథకు అదే ప్రాణమనీ వివరించాను. అతడు శాంతంగా విని, మా ఇంట్లో అలుక వస్తే నాకెట్లా తెలుస్తుందని అడిగాడు. చెప్పక తప్పలేదు. మా ఆవిడ మజ్జిగ గ్లాసు పెట్టేటప్పుడు కొంచెం చప్పుడవుతుంది, కొంచెం తొణుకుతుంది.

“గంతే రాయుండ్రి. అమ్మ ముప్పై రెండు లైన్లు చెప్తదా?”

చెప్పదు. స్వగతాన్ని కొట్టివేస్తుంటే ఒక్కొక్క సమాసమూ నావైపు చూసింది. ‘లోపల – వంటిల్లు – సాయంకాలం’ అని మార్చి, గ్లాసునూ, చప్పుడునూ, తొణికిన మజ్జిగనూ వ్రాశాను. మాటలు లేవు. మిగిలిన పుటలన్నీ, స్తుతితో సహా, ఉన్నవి ఉన్నట్లే గడువులోగా పంపాను. వాటి మీద చేయి చేసుకోవడానికి మనసొప్పలేదు.

జవాబు వచ్చింది. కథ నిర్మాతకు అక్కరలేదట. మజ్జిగ సీను ఒక్కటి మాత్రం వేరొక చిత్రంలో వాడుకుంటారట. నా అనుమతి కావాలట. నా పాండిత్యం ఇసుమంతైనా లేని పుట అది. ఆ బాధను తెలుపుతూ అనుమతిపత్రం మొదలుపెడితే, సంబోధనకే ఒక సీసపద్యం పట్టింది. దానిని పక్కన పెట్టి, మూడవనాడు కార్డు మీద ‘తీసుకొనగలరు’ అని ఒక్క మాట వ్రాసి టపాలో వేశాను.