కాఫీ ఇచ్చారు, ప్రశ్న అడగలేదు

1958లో హిందూపురంలోని ఒక ఆయిల్ ఇంజన్ల వర్క్‌షాపు నుంచి సూపర్‌వైజర్ ఉద్యోగానికి నాకు పిలుపు వచ్చింది. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి ఏడాది దాటింది. పెనుకొండలో మా ఇంటికి పేరు మిగిలింది, భూములు మిగల్లేదు. ఈ ఉద్యోగం వస్తేనే తమ్ముడి చదువు సాగుతుంది.

బయట బెంచీ మీద నలుగురం కూర్చున్నాం. నా ముందు ముగ్గురినీ యజమాని గవర్నర్ గురించి, అంటే ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం గురించి, గుచ్చి గుచ్చి అడగడం తలుపు ఇవతలికి వినిపించింది. ఆ తర్వాత ఒక్కొక్కరినీ చేతిపని పరీక్షకు మేస్త్రీ దగ్గరికి పంపాడు. నా వంతు వచ్చింది. దరఖాస్తులో మా నాయన పేరు చదవగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“అయ్యో సామీ, మీరు ఆ బెంచీ మీద కూర్చుంటిరా! మా నాయన మీ తాత దగ్గర గుమాస్తా. అవ్వ బాగుండాదా? ఎవర్రా ఆడ, కాఫీ తేండి!”

“బాగుంది. ఇంజన్ల గురించి అడగండి.”

“మిమ్మల్ని అడిగేటంతటోడినా? మీరు నూనెలో చేతులు పెడితే ఊరోళ్లు నా మొగాన ఉమ్ముతారు. ఆఫీసులో కుర్చీ ఏపిస్తా. ఫ్యాను కింద కూర్చోని జాబులు రాసుకోండి.”

ఒళ్లు మండింది. నేను చదివిన చదువును ఆయన ఒక్క నమస్కారంతో చెత్తబుట్టలో పడేశాడు. “వాళ్లకు పెట్టిన పరీక్షే నాకూ పెట్టండి” అన్నాను. కాఫీ ముట్టలేదు.

ఆయన నొచ్చుకుని మేస్త్రీ బాషాను పిలిచాడు. “సామి సరదా పడతాండారు, చూడు.”

సరదా!

పరీక్ష ఇది: ఇనుప దిమ్మెను ఆకురాయితో చదును చేయాలి. సర్ఫేస్ ప్లేట్ అనే నున్నటి ఇనుప పలకకు నీలి రంగు పూసి, దిమ్మెను దానిమీద రుద్దుతారు. రంగు అంటిన చోటు ఎత్తుగా ఉన్నట్టు. కోటు విప్పి గంటసేపు ఆకురాయి పట్టాను. బాషా దిమ్మెను తిరగేశాడు.

“ఏమప్పా, ఈ మూల ఎత్తుగా ఉండాది. గొప్పింటోడివని ఇనుముకు తెలుస్తాదా? మళ్లీ పట్టు.”

యజమాని గుడ్లురిమాడు. “ఎవురితో మాట్లాడతాండావో తెలుసునా?”

“తెలీదు సార్. మూల ఎత్తుగా ఉండేది తెలుసు.”

ఆ వర్క్‌షాపులో నన్ను పనివాడిగా ఎంచి మాట్లాడింది బాషా ఒక్కడే. మళ్లీ పట్టాను. ఈసారి రంగు దిమ్మె అంతా సమంగా అంటింది. “ఇప్పుడు సరిపాయ” అన్నాడు బాషా.

“చూశారుగా. సూపర్‌వైజర్ పనైతే రేపే వస్తాను” అన్నాను యజమానితో.

“ఆ పాపం నాకొద్దు సామీ. కుర్చీ అయితే ఈ పొద్దే ఏపిస్తా.”

కోటు తొడుక్కుని వచ్చేశాను. ఆ ఏడు తమ్ముడు బడి మానేశాడు. ఆయన నాకు చేసిన మర్యాదకు వాడు నష్టపోయాడు. కుర్చీ ఒప్పుకోవాల్సిందని బంధువులు చాలాకాలం దెప్పారు. ఒప్పుకోనందుకు నాకు ఈనాటికీ చింత లేదు. వాడి ముఖం చూసినప్పుడు మాత్రం ఆ యజమాని మీద కోపం మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత ధర్మవరంలో ఒక చిన్న వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాను. కొన్నేళ్లకు కొత్తవాళ్లను ఎంపిక చేసే పని నాకే అప్పగించారు. ఏలిన ఇంటివాళ్లూ వచ్చేవారు, నేసే ఇంటివాళ్లూ వచ్చేవారు. దరఖాస్తులో తండ్రి పేరున్న భాగాన్ని వెనక్కి మడిచి గుండుసూది గుచ్చేవాణ్ణి. దిమ్మె ప్లేటు మీద రుద్ది చూశాకే ఆ సూది తీసేవాణ్ణి.