కల్ అంటే కల కాదు

నిన్న కార్ఖానా బస్టాపులో ఎవరో ఫోనులో "కల్ ఆతూఁ" అంటుంటే రజియా గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఆరేళ్ళు. గుంటూరు నుంచి కొత్తగా వచ్చాం, ఉర్దూ రాదు. పక్కింటి రజియా, వాళ్ళు ఊరు మారిపోయే ముందురోజు, "కల్ ఆతూఁ, జరూర్" అంది. ఆతూఁ అంటే వస్తానని తెలుసు, కల్ అంటే ఏమిటని మేడమీది తమిళ మామిని అడిగాను.

"కల్ అంటే రాయి కదా!" అందావిడ.

రాయి ఎలా వస్తుంది? మన కలే అయ్యుంటుందనుకుని, మర్నాడు అన్నం తినగానే కళ్ళు గట్టిగా మూసుకుని పడుకున్నాను. కలలో ఇద్దరం దాగుడుమూతలు ఆడుకున్నాం.

లేచేసరికి పక్కింటికి తాళం.

"కల్ అంటే రేపట. అన్నట్టే రజియా వచ్చిందే. 'నిద్రల నవ్వుతుంది, లేపకుండ్రి ఆంటీ' అని వెళ్ళిపోయింది" అంది అమ్మ.

ఆ సాయంత్రమంతా ఏడ్చాను. నవ్వింది తనతో ఆడుకుంటూనే అని రజియాకి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.