మా ఆయన ఎంచుకున్న గాలం

మా ఆయన ఒక వస్తువు కొనడమంటే మామూలు వ్యవహారం కాదు. ఒటావా శివార్లలోని కనాటాలో ఈ టౌన్‌హౌస్‌కి మారిన కొత్తలో ప్రెషర్ కుక్కర్ కావలసి వస్తే వారాల తరబడి రివ్యూలు చదివారు. అన్నాళ్ళూ నేను గిన్నెలో పప్పు ఉడకబెట్టుకున్నాను. ఆయన పని టెలికాం కంపెనీలో టెస్టింగ్. పగలంతా ఆఫీసులో పరీక్షించింది చాలనట్టు ఇంటికొచ్చి బకెట్ల పిడులు కూడా లాగి చూసేవారు. షాపులో నాకు నచ్చినదేదైనా ఇలా చేతిలోకి తీసుకున్నానో లేదో, అలా "అది కాదు" అనేవారు. ఆ మాట మీద మేము పార్కింగ్ లాట్లలో, బిల్లింగ్ లైన్లలో, ఒకసారి ఎస్కలేటర్ మీద కూడా పోట్లాడుకున్నాం. నాకు నోరు ఎక్కువే. కాదనను.

కిందటి శీతాకాలం ఆయనకి స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చేది. ఆసుపత్రి, తర్వాత రిహాబ్, ఆ తర్వాత ఇల్లు. మంచు కరిగేసరికి నడక వచ్చింది, మాట మెల్లగానైనా తేటపడింది. కుడి చెయ్యి మాత్రం గ్లాసు పట్టుకోగలదు గానీ కుళాయి ఇంకా తిప్పలేదు. అదృష్టవంతులు, ఇంతటితో బయటపడ్డారు అని అందరూ అన్నారు. నేనూ అనుకున్నాను.

కానీ ఒకటి తిరిగి రాలేదు. ఏమడిగినా "నీ ఇష్టం" అనేవారు. ఉప్మానా, దోశా? నీ ఇష్టం. ఈ చొక్కానా, ఆ చొక్కానా? నీ ఇష్టం. మొదట్లో, అబద్ధమెందుకు, హాయిగానే ఉంది. తర్వాత భయం పట్టుకుంది. పరీక్ష పెడదామని ఆయనకి బొత్తిగా గిట్టని ఆవపిండి రంగు కర్టెన్లు కొనుక్కొచ్చి ఎదురుగా పరిచాను. పూర్వమైతే ఆ రోజు ఇంట్లో అన్నం వండుకునే వాళ్ళం కాదు. "బావున్నాయి" అన్నారు. నేను ఆ కర్టెన్లు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మిస్సిసాగాలో ఉన్న మా అమ్మాయికి ఫోన్లో చెప్తే, "అమ్మా, ఎట్‌లీస్ట్ హీ ఈజ్ నాట్ ఫైటింగ్ విత్ యూ. దట్స్ గుడ్, నో?" అంది. దానికేం తెలుసు. నేను ఇన్నేళ్ళు కాపురం చేసింది నా మాటకి అడ్డం చెప్పే మనిషితో. ఆ మనిషి నాకు కావాలి. ఇంట్లో తిరుగుతున్నది ఆయనే, తింటున్నది ఆయనే, కానీ నేను విసిరిన మాట తిరిగి రావడం లేదు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకరోజు ఆయన్ని, మీకు సరదా ఏమిటని అడిగింది. ఆయన నా వైపు చూశారు. నేనే జవాబు చెప్పాను, చేపలు పట్టడమని. నిజానికి ఆయన ఎప్పుడూ గాలం పట్టి ఎరగరు. కానీ ప్రతి వేసవిలోనూ ఒటావా నది పక్కన వాకింగ్‌కి వెళ్ళినప్పుడు, చేపలు పట్టేవాళ్ళ వెనకాల చేతులు కట్టుకుని నిలబడిపోయేవారు. నేను ఎంత ముందుకెళ్ళిపోయినా కదిలేవారు కాదు. "రిటైరయ్యాక నేనూ పడతా" అనేవారు. ఫిజియో అమ్మాయి సంబరపడింది. ఎడమ చేత్తో విసిరి కుడి చేత్తో దారం చుట్టే రీలు తిప్పితే మణికట్టుకి అంతకంటే మంచి వ్యాయామం లేదంది.

ఇక సామాను. ఆయన డిసబిలిటీ లీవ్ మీద ఉన్నారు, జీతం తగ్గింది, ఇంటి లోను తగ్గలేదు. నేను ఫార్మసీలో చేసేది పార్ట్ టైమ్. కాబట్టి తక్కువలో తేల్చాలని గట్టిగా అనుకుని వెళ్ళాను. ఇక్కడ చేపలు పట్టాలంటే తీసుకోవాల్సిన లైసెన్స్ కూడా, తక్కువ చేపలు ఉంచుకోనిచ్చే చౌక రకమే తీసుకున్నాను. మేమేమైనా చేపల వ్యాపారం పెట్టబోతున్నామా?

షాపులో గాలం కర్రలు, అదే రాడ్లు, ఒక గోడంతా నిలబెట్టి ఉన్నాయి. "ఏది తీసుకుందామండీ?" అన్నాను. జవాబు మీకు తెలిసిందే. సరే, నాకు తెలిసిన పద్ధతిలో కొన్నాను. మా అమ్మాయి చిన్నప్పుడు దానికి మంచు బూట్లు ఎప్పుడూ ఒక సైజు పెద్దవే కొనేదాన్ని, ఇంకో ఏడాది వస్తాయని. అలాగే క్లియరెన్స్‌లో అన్నిటికంటే పొడుగ్గా, లావుగా ఉన్న రాడ్డు తీసుకున్నాను. అంత డబ్బుకి అంత లావు ఇంకెక్కడొస్తుంది? దాని నెత్తిన కూర్చునే బరువైన రీలు ఒకటి. గాలానికి కట్టే దారం, బట్టలారేసుకునేంత గట్టి లైను. ఇంకా లూర్లు, అంటే చేపని మోసం చేసే నకిలీ ఎరలు, డబ్బా నిండా. రేకు చేపలు, ప్లాస్టిక్ కప్పలు, ఈకలు, గంటలు. ఒక్క డబ్బా కొంటే అన్నీ వస్తాయని రాసి ఉంది. చీరల సేల్లో కూడా నేనంత గర్వంగా బయటికి రాలేదు.

మేం పట్టాలనుకున్నది బాస్‌ని. నోరు పెద్దగా, ఒళ్ళు ఆకుపచ్చగా ఉంటుంది, ఒడ్డు దగ్గర నాచులో దాక్కుంటుంది. జూన్ సగం దాటితే గానీ దాన్ని పట్టనివ్వరు. ఆ సమయం రాగానే ఒక శనివారం పొద్దున్న నదికి వెళ్ళాం. ఆయన ఎడమ చేత్తో రాడ్డు ఎత్తారు. ఎత్తడానికే ఊపిరి బిగబట్టారు. విసిరితే లూరు వెళ్ళి మా కాళ్ళ ముందే దభీమని పడింది. రీల్లో లైను మాత్రం ఆగకుండా తిరిగి పిచ్చుక గూడులా చిక్కు పడింది. నేను కూర్చుని విడదీశాను. మళ్ళీ విసిరారు, మళ్ళీ చిక్కు. ఆయన నుదుటి మీద చెమట కారుతోంది.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"బానే ఉంది."

అంతే, నా ఒళ్ళు మండిపోయింది. "ఎక్కడ బావుంది? చేతులు వణికిపోతున్నాయి, లైను చిక్కుపడి ఛస్తోంది, బావుందంటారేంటి? పనికిమాలింది కొన్నావే అని నోరు తెరిచి ఒక్కసారి తిట్టరేంటండీ? నాతో పోట్లాడే మనిషి ఏమైపోయాడు? నేనొక్కదాన్నే ఎంతకాలం మాట్లాడుకోను?"

కుక్కని తిప్పుతున్న ఒకాయన అక్కడే ఆగిపోయి, కుక్కనీ మమ్మల్నీ చూసి, వేరే దారిన వెళ్ళిపోయాడు. మా ఆయన నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డారు. నా అరుపు అయిపోయాక, "ఇంటికి పోదామా?" అన్నాను. "నీ ఇష్టం" అన్నారు. సామాను డిక్కీలో పడేశాను. దారిలో, ఒక జబ్బు మనిషి మీద అలా విరుచుకుపడ్డానే అని సిగ్గేసింది, ఇక ఈ మనిషి ఇంతేనా అని భయం వేసింది.

మర్నాడు పొద్దున్న నేను కిందికి దిగేసరికి డైనింగ్ టేబుల్ మీద ఆ లూర్ల డబ్బా తెరిచి ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పక్కన ట్యాబ్లెట్‌లో ఏదో చేపల వీడియో పెట్టుకుని, ఎడమ చేత్తో ఒక్కొక్కటే తీసి గుట్టలు పెడుతున్నారు. ఒక గుట్ట కొండంత ఉంది. రెండోది గుప్పెడు కూడా లేదు.

"ఏంటివి?" అన్నాను మెల్లగా, గట్టిగా అడిగితే ఎగిరిపోతారేమోనన్నట్టు.

పెద్ద గుట్ట చూపించారు. "ఇవన్నీ పైక్ చేపలకి. పెద్ద పెద్ద వాటికి." మాట కూడదీసుకుని, "రాడ్డు కూడా వాటికే. బిల్లుందా?" అన్నారు.

నేను కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆయన్ని చూస్తూ ఉంటే మధ్యలో ఆపేస్తారేమోనని.

బిల్లు పట్టుకుని మళ్ళీ షాపుకి వెళ్ళాం. లూర్ల డబ్బా తెరిచాం కాబట్టి వాళ్ళు తీసుకోలేదు గానీ, రాడ్డూ రీలూ వెనక్కి తీసుకున్నారు. ఆ డబ్బులోనే అన్నీ రావాలి, పైసా ఎక్కువ పెట్టేది లేదని నేను షరతు పెట్టాను. ఆయన గోడ దగ్గరికి వెళ్ళి ఒక్కో రాడ్డే ఎడమ చేత్తో తీసి ఊపి చూడటం మొదలుపెట్టారు. కొన నేలకి ఆనించి మెల్లగా వంచేవారు, పెట్టేసేవారు. నేను కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాను. చివరికి ఆయన తల దాటి ఇంకాస్త పొడుగుండే సన్నపాటి రాడ్డు ఒకటి పక్కన పెట్టారు. మధ్యరకం బలం. తేలిక ఎర దూరం పోవాలంటే కొన వంగాలట, నేను కొన్న దుంగ వంగదు.

రీలు దగ్గర ఇంకా ఆలస్యం. రాడ్డు కింద వేలాడే రకం కావాలన్నారు. నేను కొన్న రకానికి బొటనవేలితో లైన్ని అదుపు చెయ్యాలట, అది తెలియకే చిక్కులు పడింది. ఈ రకంలో పిడి ఊడదీసి ఏ పక్కకి కావాలంటే ఆ పక్కకి బిగించుకోవచ్చు. కుడి పక్కకి బిగించి చూపించమని షాపతన్ని అడిగారు. డబ్బు రాడ్డు మీద తగ్గించి రీలు మీద పెట్టారు. తిప్పుతుంటే ఎక్కడా పట్టెయ్యకుండా ఉండాలట. నేను అడ్డం రాబోయి, నాలుక కరుచుకున్నాను.

లూర్ల దగ్గర మాత్రం ఆగలేకపోయాను. ఒక చిన్న ప్యాకెట్ తీశారు. లోపల బురదపచ్చ రంగు రబ్బరు పురుగులు, చూడ్డానికే నీరసంగా ఉన్నాయి. దాంతోపాటు గుప్పెడు కొక్కేలు, గిరగిరా తిరిగే చిన్న రేకు ఒకటి. అంతేనట.

"ఇంత డబ్బూ పోసి ఈ రబ్బరు ముక్కలా? ఇదిగో, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి, డబుల్ వస్తున్నాయి. ఇవి తీసుకోండి!" అనేశాను. అలవాటు.

ఆయన తన చేతిలో ప్యాకెట్ చూశారు, నా చేతిలోది చూశారు. ఆయన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. అయిపోయింది, ఇప్పుడు "నీ ఇష్టం" అంటారు, నా నోటితో నేనే మళ్ళీ ఆర్పేశాను అనుకున్నాను.

ఆయన కుడి చెయ్యి ముందుకి వచ్చింది. నా చేతిలోని ఎర్ర ప్యాకెట్‌ని వేళ్ళతో పట్టుకోడానికి కాస్త సమయం పట్టింది. పట్టుకున్నారు. తీసుకెళ్ళి షాపు గోడకున్న కొక్కేనికి తిరిగి తగిలించారు.

"అది కాదు," అన్నారు. "అక్కడి నీళ్ళు గోధుమరంగు. నాచు పచ్చన. ఇదే కలుస్తుంది. నీకు నచ్చితే సరిపోదు, చేపకి నచ్చాలి."

"చేపలకి రంగులేం తెలుస్తాయండీ?"

"నీకంటే తెలుసు."

నేను ఊరుకోలేదు. ఊరుకుంటే ఆయన కూడా ఊరుకుంటారని భయం. లైను గురించి ఒక పోట్లాట, కొక్కేల సైజు గురించి ఇంకోటి. షాపతను రెండుసార్లు వచ్చి, ఎవ్రీథింగ్ ఓకే అని అడిగి వెళ్ళాడు. ఓకే అంటే ఏంటో అతనికి చెప్పడానికి నా ఇంగ్లీషు చాలదు.

తర్వాత కొన్ని వారాలు నాచు తప్ప ఏమీ పడలేదు. అయినా లూరు ఇప్పుడు దూరంగా, చప్పుడు లేకుండా వెళ్ళి పడుతోంది. కుడి చెయ్యి పిడిని మొదట ఆగి ఆగి తిప్పేది. పోను పోను ఆగడం తగ్గింది. ఫిజియో అమ్మాయి ఆ చేతిని పట్టుకుని చూసి, ఏం చేస్తున్నారో అదే చెయ్యండి అంది.

ఆగస్టులో ఒక సాయంత్రం ఊళ్ళోనే పారే ఇంకో నది, రిడో దగ్గర, ఒడ్డు నుంచి నీళ్ళ మీదికి జానెడు ఎత్తులో వేసిన చెక్కల దారి చివర ఉన్నాం. ఆయన రబ్బరు పురుగుని నాచు అంచున పడేసి వదిలేశారు. నేను ఫోన్ చూసుకుంటున్నాను. రాడ్డు కొన ఒక్కసారి వంగింది. "వచ్చింది, వచ్చింది!" అని నేనే అరిచాను. ఆయన అరవలేదు. పెదవి బిగించి కుడి చేత్తో తిప్పుతున్నారు. చేప నీళ్ళలోంచి ఎగిరి తల విదిలించి మళ్ళీ మునిగింది. చెయ్యి మాత్రం ఆగలేదు. దగ్గరికి లాగి, నా భుజం పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ చేత్తో దాని కింది పెదవి పట్టి పైకెత్తారు. మూరకి కాస్త తక్కువ. పచ్చటి ఒళ్ళు, ఇంత నోరు. నేను ప్లయర్‌తో కొక్కెం తీసి, మొప్పలు ఎత్తి చూశాను. ఎర్రగా, తాజాగా ఉంది. నా బుర్రలో అప్పటికే చింతపండు నానుతోంది.

"సంచీ తెస్తానుండండి. పులుసుకి సరిగ్గా సరిపోతుంది," అని లేచాను.

వెనక్కి తిరిగేలోపు ఆయన చేపని నీళ్ళలో పెట్టి చెయ్యి వదిలేశారు. అది ఒక్క క్షణం అలాగే నిలబడి, తోక ఊపి, నాచులోకి వెళ్ళిపోయింది.

"అయ్యో, వదిలేశారేంటండీ! నన్ను ఒక్క మాటైనా అడగరా? ఇన్ని వారాలు దోమలతో కుట్టించుకున్నది ఇందుకా?"

"నిన్నెందుకడగాలి?" ఆయన గొంతు నది అవతలి ఒడ్డుకి వినిపించేలా లేచింది. "పట్టింది నేను. వదిలేది కూడా నేనే!"

నేను ఆ తడి చెక్కల మీదే కూలబడి ఏడ్చేశాను. ఆయన కంగారుపడిపోయి, తడి చెయ్యి నా తల మీద పెట్టి, "సర్లే, ఊరుకో. ఇంకోటి పడితే నీకే ఇస్తాలే," అన్నారు.