అవ్వ షుగరు పరీక్ష

నా చిన్నప్పుడు, తెలంగాణ వచ్చిన కొత్తలో, అచ్చంపేట దగ్గరి మా ఊళ్లో ముసలివాళ్లకూ నెలనెలా పరీక్ష ఉండేది. నాకు లెక్కల పరీక్ష, మా అవ్వకు షుగరు పరీక్ష. దవాఖాన సిస్టరమ్మ బడి వరండాలో కూర్చుని, ఒక్కొక్కరి వేలు గుచ్చి, చిన్న మిషన్‌లో చూసి, బాగుంటే మెచ్చుకుని మందులిచ్చేది.

ఆ మెప్పంటే మా అవ్వకు ప్రాణం. ముందు రోజు నుంచే ఉపాసం పట్టేది. శివరాత్రికి కూడా ఆమెకు అంత నిష్ఠ ఉండేది కాదు. ఆమెను చూసి వాడకట్టు ముసలమ్మలంతా అదే దారి పట్టారు. అందరూ పాసే! సిస్టరమ్మ మలుపు తిరగగానే మా ఇంట్లోంచి సీతాఫలాల గంప బయటికొచ్చేది. గడ్డిలో మాగేసిన పండ్లు, ఒక్కొక్కటి పిడికిట్లో పట్టేది కాదు.

ఒకసారి బస్సు తప్పిపోయి సిస్టరమ్మ వెనక్కి వచ్చింది. మా అరుగు మీద అందరి నోళ్లూ నిండి ఉన్నాయి. గింజలు ఉమ్మే ధైర్యం ఎవరికీ లేదు. నాకు నవ్వు ఆగలేదు గానీ అవ్వ గబుక్కున కాలు వెనక్కి లాక్కుంది. ఆ కాలికి ముల్లు గుచ్చుకున్న చోట పుండై ఎన్నాళ్లకూ మానలేదు. వెనక వీధి తాతకు అలాంటి పుండుకే పట్నంలో కాలు తీసేశారు. అందుకే అవ్వ తన కాలిని చీర అంచు కింద దాచుకునేది.

సిస్టరమ్మ తిట్టలేదు. చెప్పులు విడిచి, మా మధ్య కూర్చుని, తనూ ఒక పండు తిన్నది. తర్వాత అవ్వ చేతులు కడిగించి మళ్లీ వేలు గుచ్చింది. అంకె చూసి నిదానంగా అంది: "అవ్వా, గిన్నాళ్లు ఉపాసమున్న అవ్వకు మందిచ్చిన. పండ్లు తినే అవ్వకు ఇంకా మందే ఇయ్యలే."

అరుగంతా నవ్వింది. నవ్వుతూనే మా అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుని కాలు ముందుకు చాపింది.

"జర చూడు బిడ్డా. తీసేస్తరా?"

"గిప్పుడన్నా చూపిచ్చినవ్. రేపే పెద్ద దవాఖానకు పోదాం, నేనొస్త."

అన్నట్టే తోడు వెళ్లింది. మందు మారింది, చలికాలం పోయేసరికి పుండు మానింది. ఆ తర్వాత సిస్టరమ్మ బడి దగ్గరికి ఎవరినీ పిలవలేదు. చెప్పాపెట్టకుండా ఇంటింటికీ వచ్చి, ముందు ఏం వండారని అడిగేది.

ఇప్పుడు మా అమ్మకూ షుగరే. ఏం తిన్నావని నిలబడి అడగను. పక్కన కూర్చుని, ఆమె కంచంలోంచి ఒక ముద్ద తిని అడుగుతాను. అమ్మ నిజమే చెబుతుంది, ఒక్కోసారి నేను తట్టుకోలేనంత నిజం.