మూడో కిట్‌లోని స్ట్రెచర్

సైనిక్‌పురిలో మా పక్కింటి నర్సింహ అంకుల్ ఒకప్పుడు ఆర్మీలో అంబులెన్స్ నడిపారు. నేను సరదాగా చిన్న చిన్న బండ్ల మోడళ్లు చేస్తుంటానని తెలిసి, ఆ బండి మోడల్ చేసివ్వమని అడిగారు. అచ్చం అలాంటి బండి ప్లాస్టిక్ విడిభాగాల కిట్ ఎక్కడా దొరకలేదు. అందుకే ఒక కిట్‌లోని చక్రాల మీద మరో కిట్‌లోని బాడీ అతికించి, మూడో కిట్‌లోని స్ట్రెచర్ లోపల పెట్టాను. ఈ సాయంత్రం తీసుకెళ్లి ఇచ్చాను.

మురిసిపోతూ అటూ ఇటూ తిప్పి చూశారు. వెనక తలుపు తెరవగానే ఆయన ముఖం మారిపోయింది.

“గిది తీసెయ్ బేటా. మా దోస్తు శంకర్ గిట్లాంటిదాని మీదనే పోయిండు. వెనకనుంచి నన్ను పిలుస్తనే ఉండె. నేను బండి ఆపలే.”

“ఆపితే బతికేవాడా అంకుల్?”

“లే. జెర చెయ్యన్న పట్టుకుంటుంటి గద.”

పట్టకారుతో లాగితే స్ట్రెచర్ విరిగి వచ్చింది. బండిని ఆయన టీవీ పక్కన పెట్టుకున్నారు. ఆ ముక్కలు ఇంకా నా జేబులోనే ఉన్నాయి. పారేయడానికి మనసు రావడం లేదు. మీరైతే ఏం చేస్తారు?