వాన పడినా ఎరువు పడని చేలు

మా స్టాటిస్టిక్స్ సారు పోయారని మొన్న పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ప్రొద్దుటూరులో నాకు పాఠాలు చెప్పి, తర్వాత రీసెర్చికి గైడుగా ఉండి, తిట్టీ తిట్టీ డాక్టరేటు ఇప్పించిన మనిషి. ఆ పూట నాకు ఏ పనీ చేతకాలేదు.

ఆయన పాఠం సగం తిండిలోనే ఉండేది. మల్టీకొలినియారిటీ నా బుర్రకెక్కడం లేదని హోటలుకు తీసుకెళ్లారు. "ఉగ్గాని, బజ్జీ రోజూ కలిపే తింటాండావు. కడుపునొప్పి దేనివల్ల వచ్చిందో ఎట్ల చెప్తావు పాపా?" అన్నారు. చెప్పలేనన్నాను. "అదే మరి మల్టీకొలినియారిటీ!" అంటూ నా ప్లేటులోని బజ్జీ తీసుకుని తినేశారు.

నా రీసెర్చిలో తిప్పలూ అవే. వాన వల్ల, ఎరువు వల్ల వేరుశనగ దిగుబడి విడివిడిగా ఎంత పెరుగుతుందో తేల్చాలి. దిగుబడి తిన్నగా పెరుగుతూ పోదు, కొంతదూరం పోయి వంగుతుంది కాబట్టి నాన్‌లీనియర్ మోడల్ పెట్టుకున్నాను. కానీ మా మెట్టపొలాల్లో వాన పడితేనే ఎరువు కొంటారు. రెండూ ఎప్పుడూ జంటే. కంప్యూటరేమో ఒకసారి గొప్పంతా వానదే అనేది, మొదటి అంచనాలు కాస్త మారిస్తే ఎరువుదే అనేది. గడువు దగ్గరపడింది. ఇది తేలకపోతే నా డాక్టరేటు గోవిందా. రెంట్లో ఒకటి తీసిపారేస్తానంటే సారు కసిరారు.

"తీసేస్తే అబద్ధం శానా సక్కగా వస్తాది. రెండూ విడిపోయిన చేను యాడుందో ఎతుకు, పో."

అలాంటి చేలు జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్లో దొరికాయి. పార్టీ గొడవల్లో ప్రాణాలు పోతాయని భయపడి మగవాళ్లంతా ఊరు విడిచిన ఏడాది అక్కడ వాన బాగా పడింది. నన్నొక్కదాన్నే పంపడం ఇష్టంలేక సారు కూడా బస్సెక్కారు. ఏ చేనులో ఎంత పండిందో ఆడవాళ్లందరికీ నోటికుంది. ఎరువు ఎందుకు వేయలేదని ఒక పెద్దావిడను అడిగాను.

"ఇత్తనం మేమే ఏసినాం. ఎరువుకు టౌనుకు పోయేదెవురమ్మా? పోయినోడు తిరిగొస్తాడని నమ్మకమా?"

సారు పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు.

ఆ ఊరి వివరాలు చేర్చాక మోడల్ కుదురుకుంది. నేను గంతులేస్తే ఆయన నవ్వారు. "సంతోషపడు పాపా. అట్లాంటి చేలు మల్ల ఎవురికీ దొరకగూడదని గూడా కోరుకో" అన్నారు. ఆ మాటకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

నిన్న ఆయన్ను కడసారి సాగనంపి వస్తుంటే బస్సు ఆ ఊరి మీదుగా వచ్చింది. రాత్రి వాన పడినట్టుంది. బురదలో దిగబడిన ట్రాక్టరు దగ్గర మగవాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, ఎరువు బస్తాలు భుజాలకెత్తుకుని చేలలోకి నడుస్తున్నారు.